సలహాకు ధర ఎవరు కడుతున్నారు? తిరుపతి, చిత్తూరు ఇళ్లలో డబ్బు లెక్క

2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనాలు ఆపేశారు. మళ్లీ క్యూలైన్లు కదిలింది జూన్‌లోనే. ఆ రెండున్నర నెలలూ కొండ మీద స్వామి కైంకర్యాలు ఏకాంతంగా సాగాయి గానీ కొండ కింద ఊరు స్తంభించిపోయింది. లాడ్జీలో గదులు ఊడ్చే మనిషి, అలిపిరి దగ్గర జీపు నడిపే డ్రైవరు, గాంధీ రోడ్డులో బొమ్మల కొట్టు, బస్టాండు ఎదుట టిఫిన్ హోటల్... యాత్రికుల మీద బతికే ఇళ్లన్నిటికీ ఒకేసారి రాబడి ఆగింది.

ఆ ఇళ్లలో చాలావాటికి ఆస్తి లేక వచ్చిన ఇబ్బంది కాదు అది. రేణిగుంట వైపో చంద్రగిరి వైపో ఒక ప్లాటు ఉంటుంది. ఆడపిల్ల పెళ్లికని కొని దాచిన బంగారం ఉంటుంది. రెండు మూడు పాలసీలు, సగం కట్టిన చీటీ ఒకటి ఉంటాయి. మూడు నెలలు ఇల్లు గడవడానికి చేతిలో డబ్బు మాత్రం ఉండదు. ఆ రోజుల్లో ప్లాటు కొనేవాడు దొరకడు. పాలసీ మధ్యలో సరెండర్ చేస్తే కట్టినంత కూడా తిరిగి రాదు. చీటీ వాయిదా తప్పితే మాట పోతుంది. ఇక మిగిలేది బంగారం తాకట్టు, లేదంటే నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం.

కూడబెట్టడం మన జిల్లాల వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. లోపం వరుసలో ఉంది. ఏది ముందు, ఏది తర్వాత, ఏ డబ్బు ఏ అవసరానికి అన్నది ఎవరూ ఒకచోట కూర్చుని లెక్క వేయరు. పెళ్లి వస్తే పెళ్లి సంగతి, ఇల్లు కట్టాలంటే ఇంటి సంగతి, పిల్లాడికి సీటు వస్తే ఫీజు సంగతి. ఏ దశకు ఆ దశ విడిగా వచ్చిపోతుంది. ఈ దశలన్నిటినీ ఒకే కాగితం మీదికి తెచ్చి, ఇవాళ తీసుకున్న నిర్ణయం ఇరవై ఏళ్ల తర్వాత దేన్ని తాకుతుందో చూపించడమే ఆర్థిక సలహాదారు పని. ఏ షేరు పెరుగుతుందో చెప్పడం ఆ పనిలో చాలా చిన్న భాగం.

సలహా చెప్పేవాళ్లకు కొదవ లేదు

నిజానికి ప్రతి ఇంటికీ ఇప్పటికే నలుగురైదుగురు సలహాదారులు ఉన్నారు. పాలసీ ఏజెంటుగా ఉన్న బాబాయి ఉంటాడు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడానికి వెళితే "ఇంతకంటే మంచి స్కీం ఉంది సార్" అనే బ్యాంకు ఉద్యోగి ఉంటాడు. వీధిలో చీటీలు నడిపే అక్క, "ఇప్పుడు కొనకపోతే మళ్లీ ఈ ధరకు రాదు" అనే ప్లాట్ల మధ్యవర్తి, నెలనెలా కట్టించుకునే నగల దుకాణం ఉంటారు. వీళ్లలో ఒక్కరూ సలహాకు ఫీజు అడగరు. అడగకపోవడమే అసలు చిక్కు.

వాళ్లు చెడ్డవాళ్లని దీని అర్థం కాదు. బ్యాంకు మెట్లెక్కడానికి జనం జంకే రోజుల్లో పల్లెపల్లెకూ సైకిల్ మీద తిరిగి, నాలుగు రూపాయలు వెనకేసుకోవడం అలవాటు చేసింది ఎల్‌ఐసీ ఏజెంట్లే. ఇంటి పెద్ద పోయినప్పుడు క్లెయిము కాగితాలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లూ వాళ్లే. ఆ మేలు మరువరానిది. కానీ ఏజెంటుకు జీతం వచ్చేది అమ్మిన పాలసీ నుంచి. మొదటి ఏడాది ప్రీమియంలో కమీషన్ ఎక్కువ, తర్వాతి ఏళ్లలో తక్కువ. ప్రీమియం పెద్దదైతే కమీషనూ పెద్దదే. అందుకే తక్కువ ప్రీమియంతో ఎక్కువ రక్షణ ఇచ్చే టర్మ్ పాలసీ గురించి చాలా ఇళ్లలో మాటే రాదు. పొదుపూ బీమా కలిపిన ఎండోమెంట్ పాలసీ మాత్రం తప్పకుండా ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. ఏడాదికి 50 వేల ప్రీమియం చొప్పున 20 ఏళ్లు కడితే చేతి నుంచి పోయేది 10 లక్షలు. ఆ డబ్బు ఏడాదికి 5.5 శాతం చొప్పున పెరిగిందనుకుంటే చివరికి సుమారు 18.4 లక్షలు వస్తాయి. "పది కడితే పద్దెనిమిది" అంటే వినడానికి బాగానే ఉంటుంది. అదే 50 వేలు పోస్టాఫీసులో పీపీఎఫ్ అనే దీర్ఘకాల పొదుపు ఖాతాలో వేసి, 15 ఏళ్ల తర్వాత ఇంకో ఐదేళ్లు పొడిగించి, 2020 ఏప్రిల్ నుంచి నడుస్తున్న 7.1 శాతం వడ్డీ అలాగే కొనసాగిందనుకుంటే 22 లక్షలు దాటుతుంది. ఆ తేడాలోంచి ఒక చిన్న భాగంతో టర్మ్ పాలసీ ప్రీమియం కట్టుకోవచ్చు.

మ్యూచువల్ ఫండ్లలోనూ ఇంతే. 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కూ రెండు రకాల ప్లాన్లు ఉన్నాయి. రెగ్యులర్ ప్లాన్‌లో పంపిణీదారుకు ఏటా కమీషన్ వెళుతుంది, డైరెక్ట్ ప్లాన్‌లో వెళ్లదు. నెలనెలా ఇంత అని ఫండ్‌లో వేసే పద్ధతిని సిప్ అంటారు. నెలకు 10 వేల సిప్ 25 ఏళ్లు కట్టి, ఏడాదికి 11 శాతం వచ్చిందనుకుంటే 1.57 కోట్లు. కమీషన్ వల్ల ఒక్క శాతం తగ్గి 10 శాతమే మిగిలితే 1.32 కోట్లు. రాబడి ఇంత వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇవ్వకూడదు కూడా. కానీ ఆ ఒక్క శాతం తేడా పాతిక లక్షలని ఈ లెక్క చెబుతుంది. సలహా ఉచితంగా వచ్చిందనుకున్న ఇల్లు కట్టిన ఫీజు అది. మార్కెట్ కుప్పకూలిన రోజు ఫోన్ చేసి "ఆగండి, అమ్మకండి" అని నిలబెట్టిన పంపిణీదారు ఆ డబ్బుకు న్యాయం చేసినట్టే. సంతకాలు పెట్టించుకుని మళ్లీ కనబడనివాడికీ అదే కమీషన్ పోతుండటం బాధాకరం.

ముహూర్తం పెట్టిన పురోహితుడికి తాంబూలంలో సంభావన పెడతాం. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటరుకు అడిగినంత ఇస్తాం. ఆడిటరుకు ఏటా ఫీజు కడతాం. జీవితకాలపు సంపాదన ఎటు పోవాలో చెప్పే మనిషికి మాత్రం డబ్బులివ్వడం దండగనిపిస్తుంది. ఈ అలవాటు మారకుండా మంచి సలహా మన ఊళ్లోకి రాదు.

ఎవరు సలహాదారు, ఎవరు కారు

సెక్యూరిటీల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2013లో పెట్టుబడి సలహాదారుల నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఫీజు తీసుకుని పెట్టుబడి సలహా ఇచ్చేవాళ్లు నమోదు చేసుకోవాలి. వాళ్ల నమోదు సంఖ్య ఐఎన్‌ఏ అనే అక్షరాలతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి ఎవరైనా సరిచూసుకోవచ్చు. మ్యూచువల్ ఫండ్ పంపిణీదారుకు ఉండేది ఏఆర్‌ఎన్ సంఖ్య. అది అమ్మడానికి అనుమతి, సలహాదారు హోదా కాదు. ఒకే కుటుంబం దగ్గర సలహాకు ఫీజూ, అమ్మకానికి కమీషనూ రెండూ తీసుకోవడాన్ని 2020 సవరణలు నిషేధించాయి.

ఫీజుకూ హద్దు ఉంది. సలహాదారు ఏడాదికింత అని స్థిరంగా తీసుకుంటే ఒక కుటుంబం నుంచి 1.51 లక్షలు దాటకూడదు. సలహా ఇస్తున్న ఆస్తి విలువ మీద తీసుకుంటే ఏడాదికి 2.5 శాతం మించకూడదు. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. మామూలు జీతగాడు అంత కట్టక్కర్లేదు. ఒకసారి ప్రణాళిక వేయించుకుని, ఏడాదికోసారి సరిచూయించుకునే పద్ధతి చిన్న ఊళ్ల కుటుంబాలకు సరిపోతుంది. సలహాదారు మన వీధిలోనే ఉండాలనీ లేదు. వీడియో కాల్‌లో మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అయితే తెలుగులో మాట్లాడి, మన ఇళ్ల లెక్కలు తెలిసినవాళ్లయితేనే మేలు. ఎందుకో మామిడి రైతు దగ్గరికి వచ్చినప్పుడు తేలుతుంది.

మంచి సలహాదారును మొదటి అరగంటలోనే గుర్తుపట్టవచ్చు. అమ్మడానికి వచ్చినవాడి మొదటి ప్రశ్న "ఏడాదికి ఎంత కట్టగలరు?" అని. సలహాదారు మొదట అడిగేది "నెలకు ఇంటి ఖర్చు ఎంత?" అని. ఆ తర్వాత అప్పులేమున్నాయి, ఏ వడ్డీకి తెచ్చారు, మీ మీద ఆధారపడి ఎవరెవరున్నారు, అమ్మానాన్నలకు బీపీ, షుగర్ ఉన్నాయా, తోబుట్టువులతో పంచుకోవాల్సిన ఆస్తి ఉందా అని ఒక్కొక్కటీ రాసుకుంటాడు. నష్టం వస్తే ఎంతవరకు తట్టుకోగలరో అంచనా వేయడం, రాతపూర్వక ఒప్పందం చేసుకోవడం నిబంధనల్లోనే ఉన్నాయి. పెట్టుబడి డబ్బు మన ఖాతా నుంచి నేరుగా ఫండ్‌కో బ్యాంకుకో వెళ్లాలి. సలహాదారు సొంత ఖాతాలో వేయమన్నా, ఖాళీ ఫారాల మీద సంతకం అడిగినా, ఇంత రాబడి ఖాయమని చెప్పినా అక్కడే లేచి వచ్చేయాలి. మోసం జరిగితే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

మొదటి జీతం నుంచి మొదటి బిడ్డ దాకా

శ్రీసిటీలోనో కరకంబాడిలోనో ఫ్యాక్టరీ ఉద్యోగం, లేదా బస్సెక్కితే కొన్ని గంటల్లో చేరే బెంగళూరు, చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదటి జీతం వచ్చిన పిల్లలకు మార్చి నెలలో ఇంటి నుంచి ఫోన్ వస్తుంది, "టాక్స్ మిగులుతుంది, ఒక పాలసీ తీసుకో నాయనా" అని. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే డిఫాల్ట్ అయింది. అందులో పాలసీ ప్రీమియం లాంటి పొదుపులకు దొరికే 80సీ మినహాయింపు లేదు. 2025-26 నుంచి ఆ విధానంలో జీతగాళ్లకు 12.75 లక్షల వరకు పన్నే పడదు. అంటే పన్ను పేరుతో పాలసీ అంటగట్టే కారణం చాలామంది విషయంలో పోయింది. ఫోన్లు మాత్రం ఆగలేదు.

ఈ వయసులో సలహాదారు చెప్పేది కొంచెమే. ఆరు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా పక్కన పెట్టడం, క్రెడిట్ కార్డు బాకీ ఉంచకపోవడం, చదువు అప్పు తీర్చడం, చిన్న మొత్తంతోనైనా సిప్ మొదలుపెట్టడం. ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు.

పెళ్లయి బిడ్డ పుట్టాక లెక్క మారుతుంది. నెలకు 40 వేలు తెచ్చే 30 ఏళ్ల మనిషికి 10 లక్షల పాలసీ ఉందనుకుందాం. అతనికేమైనా అయితే ఆ 10 లక్షలు 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేసినా భార్యాబిడ్డలకు నెలకు అందేది 5,800. అద్దెకే చాలదు. ఏడాది జీతానికి పది పదిహేను రెట్లు, అంటే 50 నుంచి 70 లక్షల టర్మ్ పాలసీ ఆ ఇంటికి అవసరం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ పూర్తిగా ఎత్తేశారు కాబట్టి ఖర్చు ఇంకాస్త తగ్గింది.

ఆరోగ్య బీమా విషయంలో చిత్తూరు వాళ్లకు ఒక ధీమా ఉంది. పక్కనే వేలూరు సీఎంసీ, ఇటు తిరుపతిలో స్విమ్స్, రుయా. ఆసుపత్రి దగ్గరలో ఉండటం వేరు, బిల్లు కట్టే దారి ఉండటం వేరు. కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగంతోనే పోతుంది. సొంతంగా తీసుకునే పాలసీలో అంతకుముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి రావచ్చు. అమ్మానాన్నలకు జబ్బు బయటపడ్డాక తీసుకుందామనుకుంటే ఆ మూడేళ్లూ జేబులోంచే కట్టుకోవాలి.

ఆడపిల్ల పుడితే పదేళ్లు నిండకముందే సుకన్య సమృద్ధి ఖాతా తెరవవచ్చు. 2024 జనవరి నుంచి దాని వడ్డీ 8.2 శాతం. ఏడాదికి 250 నుంచి 1.5 లక్షల దాకా 15 ఏళ్లు కట్టాలి, 21 ఏళ్లకు ఖాతా పూర్తవుతుంది. బంగారం వద్దని ఏ సలహాదారూ అనలేడు, అనక్కర్లేదు. నగగా కొంటే మజూరీ, తరుగు పోతాయన్న సంగతి మాత్రం పక్కన రాసి చూపించాలి.

మామిడి రైతుకు నెలవారీ సిప్ పనికొస్తుందా?

ఆర్థిక ప్రణాళిక పుస్తకాలన్నీ నెల జీతం ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే. చిత్తూరు జిల్లాలో లెక్క వేరు. తోతాపురి రైతుకు డబ్బు కనబడేది ఏడాదికోసారి, మే నుంచి జులై లోపల. మిగతా నెలలు ఇల్లు నడిపేది పాల బిల్లు. పండిన ఏడు పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరుస, ఎండిన ఏడు అప్పు. 2025 సీజన్‌లో పంట విరగకాసి ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలని, పైన 4 రూపాయలు ప్రభుత్వం కలిపి 12 రూపాయలు రైతుకు అందాలని నిర్ణయించారు. ఆ 8 రూపాయలైనా దక్కడానికి రైతులు రోడ్డెక్కాల్సి వచ్చింది.

ఇలాంటి ఇంటికి "నెలకు ఐదు వేలు కట్టండి" అని చెప్పేవాడు ఆ ఇల్లు చూడనివాడు. నాలుగో నెలకే సిప్ ఆగిపోతుంది, ఇంకెప్పుడూ దాని జోలికి పోరు. తెలిసిన సలహాదారు లెక్క తిరగేసి వేస్తాడు. పంట డబ్బు వచ్చిన వారంలోనే మూడు కుప్పలు చేయాలి. మొదటిది వడ్డీ అప్పు. 24 శాతం వడ్డీకి తెచ్చిన లక్ష తీర్చేస్తే ఏటా 24 వేలు మిగులుతాయి. ఏ ఫండూ, ఏ భూమీ అంత ఖాయంగా ఇవ్వదు. ఆ అప్పు స్థానంలో కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణం తెచ్చుకుంటే వడ్డీ 7 శాతం. గడువులోపు కడితే కేంద్రం ఇచ్చే రాయితీతో 3 లక్షల వరకు అది 4 శాతానికి దిగుతుంది. రెండో కుప్ప వచ్చే పంట దాకా ఇంటి ఖర్చు, ఎరువులు, మందులు. ఇది బ్యాంకులో విడి ఖాతాలోనో, చిన్న చిన్న డిపాజిట్లుగానో ఉండాలి. పాల బిల్లు చాలని నెలల్లో అక్కడి నుంచి తీయాలి. మిగిలితేనే మూడో కుప్ప. అది ఏడాదికి ఒక్కసారే వేసినా సరే, పిల్లల చదువుకో ముసలితనానికో ముట్టుకోకుండా ఉంచేది. కాపు లేని ఏడు ఆ మూడో కుప్ప సున్నా అయినా తప్పు లేదని ముందే రాసిపెట్టుకోవాలి. తప్పు చేశామన్న బెంగతోనే చాలామంది ప్రణాళికను మొత్తానికి వదిలేస్తారు.

తిరుపతిలో యాత్రికుల మీద బతికేవాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. బ్రహ్మోత్సవాలు, వేసవి సెలవులు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో వచ్చే ఆదాయం వేరు, పరీక్షల నెలల్లో వచ్చేది వేరు.

ఇక చీటీ. 20 మంది, నెలకు 5 వేలు, లక్ష రూపాయల చీటీ అనుకుందాం. మూడో నెలలో ఒకరు 30 వేలు వదులుకుని పాడితే చేతికి 70 వేలు వస్తాయి. ఆ 30 వేలలో నిర్వాహకుడి కమీషన్ 5 వేలు పోగా మిగిలిన 25 వేలు 20 మందికి పంచితే తలా 1,250. ఆ నెల ఒక్కొక్కరు కట్టేది 3,750. అవసరంలో ఉన్నవాడికి చీటీ అప్పులా పనిచేస్తుంది, ఆగగలిగినవాడికి పొదుపులా. మన దగ్గర బ్యాంకు ఇవ్వని అప్పు చీటీ ఇచ్చిన సందర్భాలు లెక్కలేనన్ని. కానీ 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నమోదు కాని చీటీ నిర్వాహకుడు రాత్రికి రాత్రి ఊరు విడిచిపోతే చేతిలో మిగిలేది ఒక నోటుబుక్కు. పిల్లల కాలేజీ ఫీజు లాంటి తప్పనిసరి అవసరాన్ని దాని మీద పెట్టకూడదు.

ప్లాటు

ఇంటి స్థలం గురించి సలహాదారు దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ. డబ్బు ఎక్కువగా చిక్కుకుపోయేది మాత్రం అక్కడే. తిరుపతి చుట్టుపక్కల తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు తక్కువ ధరకు వస్తాయి, తర్వాత ఇంటి ప్లాన్‌కూ బ్యాంకు రుణానికీ ఇబ్బంది పెడతాయి. డీకేటీ పట్టా భూములది ఇంకో కథ. ప్రభుత్వం పేదలకు కేటాయించిన ఈ భూముల బదిలీని నిషేధిస్తూ 1977 నుంచి చట్టం ఉంది. 2023లో 20 ఏళ్లు దాటిన కేటాయింపులకు కొంత సడలింపు ఇచ్చినా ఆ భూముల చుట్టూ వివాదాలు తీరలేదు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడకుండా, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే పత్రం), లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించకుండా అడ్వాన్సు ఇవ్వడం జీవితపు పొదుపును పణంగా పెట్టడమే. పైగా ఆస్తి మొత్తంలో భూమి వాటా ఎంతో ఎవరూ లెక్కేయరు. 80 శాతం భూమిలో ఉన్న మనిషికి ఇంకో ప్లాటు కొనమని చెప్పేవాడు ఆప్తుడు కాలేడు.

రిటైరయ్యే నెల

ఒకే పాఠశాల స్టాఫ్‌రూములో ఇద్దరు ఉపాధ్యాయులు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు 2004 సెప్టెంబర్ 1కి ముందు చేరినవారు, ఇంకొకరు ఆ తర్వాత చేరినవారు. జీతం ఇంచుమించు ఒకటే. మొదటి వారికి పాత పెన్షన్ ఉంది. రెండో వారిది సీపీఎస్, అంటే ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పథకం. మూల వేతనం, డీఏల్లో 10 శాతం ఆయన వాటా, అంతే మొత్తం ప్రభుత్వ వాటా మార్కెట్‌కు ముడిపడిన ఖాతాలో పోగవుతాయి. రిటైరయ్యాక అందులో 60 శాతం దాకా చేతికొస్తుంది, మిగతాదానితో నెలనెలా పెన్షన్ ఇచ్చే యాన్యుటీ కొనాలి. మొదటి వారు ఇంటి అప్పు తీర్చేస్తే సగం పని అయిపోయినట్టే. రెండో వారికి 45 ఏళ్ల నుంచే అదనంగా కూడబెట్టుకోవడం తప్పదు. వీళ్లిద్దరూ ఒకే ఏజెంటు దగ్గర ఒకే పాలసీ తీసుకున్నారంటే ఇద్దరిలో ఒకరికైనా తప్పు సలహా అందినట్టే.

పదవీ విరమణ నెలలో గ్రాట్యుటీ, సెలవుల డబ్బు, పీఎఫ్ అన్నీ ఒకేసారి ఖాతాలో పడతాయి. జీవితంలో అంత మొత్తం ఒక్కసారి చూడటం అదే మొదలు, అదే చివర. ఆ సంగతి ఇంట్లోవాళ్లకంటే ముందు బయటివాళ్లకు తెలుస్తుంది. శాలువా కప్పిన వారం లోపల పాలసీ వాళ్లు, ప్లాట్ల వాళ్లు, "మా ఫైనాన్స్‌లో వేయండి మాస్టారూ, రెండు రూపాయల వడ్డీ నెలనెలా ఇంటికే తెచ్చిస్తాం" అనేవాళ్లు గుమ్మంలో ఉంటారు. మొదటి ఏడాది వడ్డీ తప్పకుండా వస్తుంది కూడా. అందుకే బంధువులూ వేస్తారు. అనుమతి లేని డిపాజిట్ల సేకరణను నిషేధిస్తూ 2019లో చట్టం వచ్చింది. కానీ కేసు పెట్టడం వేరు, 65 ఏళ్ల మనిషికి డబ్బు తిరిగి రావడం వేరు.

సలహాదారు అవసరం అన్ని దశల్లోకీ ఇక్కడే ఎక్కువ. మొదట అతను చెప్పాల్సిన మాట "మూడు నెలలు ఏమీ చేయకండి" అని. డబ్బు పేరున్న బ్యాంకులో ఉంటే చాలు. ఒక బ్యాంకులో ఒకరి డిపాజిట్లకు వడ్డీతో కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుంది కాబట్టి రెండు మూడు బ్యాంకుల్లో పెట్టుకోవడం మంచిది. తర్వాత నెల ఖర్చుకు సరిపడా ఆదాయం కట్టాలి. 60 దాటినవాళ్లకు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షల దాకా వేయవచ్చు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. నెలవారీ ఆదాయ పథకంలో ఒకరి పేరు మీద 9 లక్షలు వేస్తే 7.4 శాతంతో నెలకు 5,550. అన్నీ ఇందులోనే పెట్టేస్తే ఇంకో ముప్పు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇవాళ 40 వేలతో నడిచే ఇంటికి 12 ఏళ్లలో 80 వేలు కావాలి. వడ్డీ మాత్రం పెరగదు. అందుకే పదేళ్ల దాకా అవసరం పడని కొంత మొత్తాన్ని షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్లలో ఉంచమంటారు. అది ఎంత ఉండాలన్నది ఆ మనిషి గుండె నిబ్బరాన్ని బట్టి, పిల్లలు ఆదుకునే అవకాశాన్ని బట్టి తేలుతుంది.

కొడుకు వ్యాపారానికో కూతురి ఇంటికో ఆ డబ్బు అడగడం మన ఇళ్లలో సహజం, ఇవ్వాలనిపించడమూ సహజం. ఇవ్వవద్దని చెప్పడం సలహాదారు పని కాదు. ఇస్తే తమకు ఎన్నేళ్ల తిండి తగ్గుతుందో లెక్క చూపించడం అతని పని. ఆ అంకె కాగితం మీద కనబడ్డాక అడిగినవాళ్లు కూడా చాలాసార్లు తగ్గించి అడుగుతారు.

నామినీ, వీలునామా

నామినీ పేరు రాశాం కదా, ఇక చింత లేదనుకుంటారు. బ్యాంకు డిపాజిట్‌లో, షేర్లలో నామినీ అంటే ఆ డబ్బు చేతికి తీసుకునేవాడు మాత్రమే. వారసుల హక్కు అలాగే ఉంటుంది. షేర్ల విషయంలో 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. జీవిత బీమాలో మాత్రం భార్యను, పిల్లలను, తల్లిదండ్రులను నామినీగా రాస్తే డబ్బు వాళ్లదే. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఎప్పుడో పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇప్పటికీ చనిపోయిన తండ్రి పేరే నామినీగా ఉండటం ఎంత మామూలో పాత పాస్‌బుక్కులు తీస్తే తెలుస్తుంది.

వీలునామా లేకుండా హిందూ పురుషుడు చనిపోతే అతని స్వార్జితంలో తల్లికి, భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో హక్కు ఇచ్చిన సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచే అమల్లో ఉంది. అప్పటికి పెళ్లయిన వాళ్లకు అది వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. ఇన్నేళ్లయినా "అమ్మాయికి పెళ్లప్పుడే ఇచ్చేశాం" అన్న మాట మీదే ఇళ్లు పంచుకుంటున్నారు. ఆ మాట కోర్టులో నిలవదు. తండ్రి ఉండగానే వీలునామా రాస్తే తోబుట్టువులు కోర్టు మెట్లెక్కే పని తప్పుతుంది. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే గొడవలు తగ్గుతాయి.

ఈ పనులన్నిటిలో ఒక చిన్న విషయాన్ని బట్టి సలహాదారు నాణ్యత తెలిసిపోతుంది. మొదటి సమావేశానికి భర్త ఒక్కడే వస్తే "ఈసారి అమ్మగారిని కూడా తీసుకురండి" అంటాడా, లేదా? బీరువాలో ఏ కవర్లో ఏ పాలసీ ఉందో, ఏ బ్యాంకులో ఎంత ఉందో, ఎవరికి అప్పిచ్చారో, ఎవరి దగ్గర తెచ్చారో తెలియని ఇల్లాళ్లు మన ఊళ్లలో ఇంకా చాలామంది. భర్త పోయిన పదమూడో రోజు తర్వాత ఆమె ఒక్కతే ఆ కాగితాల ముందు కూర్చుంటుంది. ఎవరూ అడగక మిగిలిపోయిన డిపాజిట్లను వెతికి పెట్టడానికి రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గం అనే పోర్టల్ తెరవాల్సి వచ్చింది. మంచి సలహాదారు ఖాతాలు, పాలసీలు, అప్పులు, ఫోన్ నంబర్లు అన్నీ ఒకే పేజీలో తెలుగులో రాయించి, ఆ పేజీని ఆమె చేతే ఒకసారి చదివించి, ఆమెకు తెలియని వరుస దగ్గర ఆగి, ఆ ఒక్కటీ వివరించాకే తర్వాతి వరుసకు వెళతాడు.